మందు లేబులు ఎవరితో మాట్లాడుతున్నది?

మాత్రల షీటు వెనుక అచ్చయ్యే రాత కూడా ఒక రచనే. కథకైనా, పాఠ్యపుస్తకానికైనా వేసే మొదటి ప్రశ్న దానికీ వేయవలసి ఉన్నది: అది ఎవరికోసం వ్రాసినది?

విజయవాడలోని ఏ మందుల దుకాణంలోనైనా కొన్న షీటును తిప్పి చూస్తే మందు పేరు, పాళ్లు, తయారీ సంస్థ, లైసెన్సు నంబరు, బ్యాచి నంబరు, గడువు తేదీ, ధర కనబడతాయి. చీటీ మీదనే అమ్మవలసిన మందైతే ‘ఆర్ఎక్స్’ గుర్తు ఉంటుంది. 2014 మార్చి నుండి షెడ్యూలు హెచ్-1 మందులకు ఎర్ర అంచు పెట్టెలో హెచ్చరిక వచ్చినది. 2016లో కేంద్ర ప్రభుత్వం ఎర్రగీత గల మందులను గురించి ప్రచారం సాగించినది. 2023 ఆగస్టు నుండి 300 బ్రాండ్లపై క్యూఆర్ కోడు తప్పనిసరి అయినది. ఇవన్నీ మంచి పనులే. అయితే వీటిలో చాలా భాగం అమ్మేవానికీ, తనిఖీ అధికారికీ ఉద్దేశించినవి. మందు మింగే మనిషికి సాధారణంగా మిగిలేది ఒక్క వాక్యం: ‘వైద్యుడు చెప్పినట్లు వాడవలెను.’ అదైనా ఇంగ్లీషులో.

ఈ వాక్యానికి కారణం లేకపోలేదు. ఒకే మందును వేర్వేరు రోగాలకు వేర్వేరు మోతాదుల్లో ఇస్తారు. కాబట్టి అందరికీ ఒకే మోతాదు అచ్చు వేయడం కుదరదు. ఆ భారం చీటీ మీద పడుతుంది. చీటీలో ‘1–0–1’ అని ఉంటుంది. అనగా ఉదయం ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి. అవనిగడ్డనుండో కైకలూరునుండో బెజవాడ వచ్చి చూపించుకొని, బస్సెక్కి ఇల్లు చేరిన పెద్దవారికి ఈ మూడు అంకెలే వైద్యుని నోటిమాట. కాని ఈ అంకెల్లో ఒక లోపమున్నది. అవి రోజును మూడు భాగాలు చేయగలవు, వారాన్ని చెప్పలేవు.

ఈ లోపం ఎంత ప్రమాదకరమో తెలియజేసే ఉదాహరణ తెలుగువారి శాస్త్ర చరిత్రలోనే ఉన్నది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహించారు. ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని సంయోజనం చేసినది. దానిని పోలి ఉండి దాని పనిని అడ్డగించే పదార్థాలు కూడా అక్కడే తయారైనవి. వాటిలో ఒకటి మెథోట్రెక్సేట్. కణం కొత్త డిఎన్ఏ తయారు చేసుకోవడానికి కావలసిన ఎంజైమును అది నిరోధిస్తుంది.

క్యాన్సరుకు దానిని వైద్యుల పర్యవేక్షణలో వేరే పద్ధతిలో ఇస్తారు. కీళ్లవాతానికి మాత్రం వారానికి ఒక్కరోజే. 2.5 మిల్లీగ్రాముల మాత్రలు మూడు వేసుకుంటే వారానికి 7.5 మిల్లీగ్రాములు. అవే మూడు పొరపాటున ప్రతిరోజూ వేసుకుంటే వారానికి 52.5 మిల్లీగ్రాములు, అనగా ఏడు రెట్లు! మధ్యలో కోలుకునే వ్యవధి లేక ఎముకల మూలుగ దెబ్బతింటుంది. నోరు పూస్తుంది, తెల్లకణాలు తగ్గుతాయి, అంటురోగాలు కమ్ముకుంటాయి. ఇట్టి పొరపాట్లవల్ల అనేక దేశాల్లో ప్రాణాలు పోయినవి. పైగా దుష్ఫలితాలను తగ్గించడానికి వైద్యులు వేరే రోజున ఫోలిక్ ఆమ్లం మాత్ర కూడా ఇస్తారు. రెండు మాత్రలూ తరచు పసుపు రంగువే. ఒకదానికి బదులు ఒకటి పడితే, మేలు చేయవలసిన జంట కీడు చేస్తుంది.

ఇది రోగి అజాగ్రత్త అని కొట్టివేయడం న్యాయం కాదు. ‘రోజూ మందు వేసుకోండి’ అని జీవితమంతా విన్న మనిషి రోజూ వేసుకోవడంలో వింత లేదు. అతనికి అందిన రాతలోనే తప్పున్నది. ఐరోపా ఔషధ సంస్థ 2019లో ఈ మందు పెట్టెలపై ‘వారానికి ఒకసారి’ అన్న గుర్తు కనబడాలనీ, రోగికి ఒక కార్డు ఇవ్వాలనీ సూచించినది. మన దేశంలోనూ 2015 నాటి ఫార్మసీ నిబంధనలు రోగికి వాడకం వివరించడం ఫార్మసిస్టు విధి అన్నవి. 2016లో చీటీలోని మందుల పేర్లు చదవగలిగేటట్లు వ్రాయాలన్న నియమం వచ్చినది. మందు పేరు స్పష్టమైతే సగం పని అయినట్లే. మిగిలిన సగం రోజు, వేళ, మోతాదు. అవి తెలుగులో ఉండాలి. దుకాణంలో షీటుకు అంటించే చిన్న చీటీపై ‘సోమవారం మాత్రమే – మూడు మాత్రలు’ అని వ్రాయడానికి పట్టేది అర నిమిషం.

ఉపాధ్యాయులు ఈ లేబులును తరగతిలో పాఠంగా చదివించవచ్చు. ప్రతి విద్యార్థీ ఇంట్లోని ఒక ఖాళీ షీటు తెచ్చి, దానిమీద మందు పేరు, పాళ్లు, గడువు తేదీ వెదకాలి. తరువాత ఎంత, ఎప్పుడు, ఎన్నాళ్లు అన్న మూడు ప్రశ్నలకు అందులో జవాబున్నదో లేదో చూడాలి. లేని జవాబును ఊహించి పూరించకూడదు. వైద్యునో ఫార్మసిస్టునో అడిగి ఇంట్లో పెద్దల షీటుపై తెలుగులో వ్రాసి పెట్టాలి.