ఎవరు చేసిన ముస్తాబు

మా అమ్మమ్మకు మొదటిసారి మస్తానమ్మ వీడియో చూపించినప్పుడు ఆవిడ వంట గురించి ఒక్క మాట కూడా అనలేదు. ఫోను కాస్త దూరంగా పట్టుకుని, కళ్ళు చికిలించి చూసి, "అంత పెద్దావిణ్ణి అలాగే కూర్చోబెట్టేశారేమే! తల దువ్వి చిన్న ముడి వేస్తే ఏం పోయింది?" అంది. నలుగురూ చూస్తారని తెలిసి కూడా ఇంట్లోవాళ్ళు ఆ కాస్త పని చెయ్యకపోవడం ఆవిడకు మనసొప్పలేదు. కొన్నాళ్ళ తర్వాత గంగవ్వ వీడియో పెట్టాను. "ఈవిడ బాగా తయారై వచ్చింది" అని, చివరిదాకా చూసింది. అప్పటిదాకా నేను ఇద్దరినీ ఒకే గాటన కట్టి, యూట్యూబ్ బామ్మలని ముచ్చటపడుతూ ఉండేదాన్ని. ఎవరి ముస్తాబు ఎవరు చేశారన్న సంగతి అమ్మమ్మ అనేదాకా నాకు తట్టలేదు.

ఒకే గాటన కట్టడానికి కారణాలు లేకపోలేదు. మస్తానమ్మది కోస్తాంధ్ర పల్లె. చిన్నవయసులోనే భర్త పోతే కూలిపనికి వెళ్ళి పిల్లల్ని పెంచింది. మిల్కూరి గంగవ్వది జగిత్యాల జిల్లా మల్యాల మండలంలోని లంబాడిపల్లి. పొలం పనులు చేసి, బీడీలు చుట్టి సంసారం లాక్కొచ్చింది. ఇద్దరినీ కెమెరా ముందుకు తెచ్చింది ఇంటి కుర్రాళ్ళే. మస్తానమ్మ మునిమనవడు లక్ష్మణ్, స్నేహితుడు శ్రీనాథ్ రెడ్డితో కలిసి 2016లో 'కంట్రీ ఫుడ్స్' అనే యూట్యూబ్ చానల్ మొదలుపెట్టాడు. గంగవ్వ అల్లుడు శ్రీకాంత్ 2012లోనే 'మై విలేజ్ షో' పెట్టాడు. గంగవ్వ అందులోకి తర్వాత అడుగుపెట్టింది. ఇద్దరూ లక్షలమందికి పరిచయమయ్యారు. పోలిక ఇక్కడితో ఆగిపోతుంది.

కంట్రీ ఫుడ్స్ వీడియో ఒకటి నిదానంగా చూడండి. చుట్టూ పచ్చదనం. మూడు రాళ్ళ పొయ్యి, కట్టెల మంట, పొగ. నేలమీద కూర్చున్న మస్తానమ్మ. కత్తితో పనిలేకుండా గోళ్ళతోనే తొక్క తీసేస్తుంది. ఉప్పు చేతికొలతే. బోసినోటితో నవ్వుతుంది. మాటలు తక్కువ, మంట చప్పుడు, కూర ఉడుకుతున్న చప్పుడు ఎక్కువ. భాష రానివాడు కూడా మొదటినుంచి చివరిదాకా చూడగలడు, అలా చూడాలనే తీశారు కూడా. వీడియోల పేర్లు ఇంగ్లీషులో ఉంటాయి, వాటిలో ఆవిడ వయసు అంకె ఉంటుంది. నూటయిదేళ్ళ బామ్మ, నూటఆరేళ్ళ బామ్మ. మస్తానమ్మ అనే పేరు వెనక్కి వెళ్ళి ఆ అంకె ముందుకొచ్చింది. ఏ దేశంవాడికైనా అంకె అర్థమవుతుంది. మస్తానమ్మ అన్న పేరులో ఉన్న దర్గా వాసన, ఆ పేరు పెట్టుకునే కోస్తా ఊళ్ళ కలివిడి బతుకు తెలుగువాడికి తప్ప ఎవరికి తెలుస్తుంది?

ఇక వంట. మొదట పేరు తెచ్చింది వంకాయ కూర. ఆ తర్వాత లోకమంతా చుట్టి వచ్చింది మాత్రం పుచ్చకాయ చికెన్, పుచ్చకాయను గుల్లచేసి ఆ డిప్పనే గిన్నె చేసుకుని వండిన కోడికూర. ఈము గుడ్డు కూడా వండింది. మా గుంటూరు, కృష్ణా వైపు ఏ ఇంట్లోనూ పుచ్చకాయలో కోడికూర వండిన జ్ఞాపకం నాకు లేదు. మా ఇళ్ళలో పొలంగట్టున పొయ్యి పెట్టేది కార్తీకమాసం వనభోజనాలకో, కుప్పనూర్పిళ్ళప్పుడో. రోజువారీ వంట వంటింట్లోనే, మసిపట్టిన గోడల మధ్య, బయటివాళ్ళ కంట పడకుండా సాగేది. అంటే తెరమీద మనం పాతకాలం అనుకుని చూసినది కొత్తగా కట్టినది. వంటకం కొత్తది, వేదిక కొత్తది, పొయ్యి పాతది, మనిషి పాతది. కట్టడం తప్పని నేను అనను. కట్టినవాళ్ళ ప్రేమ కూడా ఆ వీడియోల్లో కనిపిస్తుంది. ఆవిడ చేతివంట తిని లొట్టలేసే మనవల మొహాల్లో నటన లేదు. కానీ ఆ కట్టడంలో మస్తానమ్మ వంతు ఎంత అని అడిగితే మాత్రం నాకు దిగులేస్తుంది.

ఎర్వింగ్ గాఫ్‌మన్ అనే సామాజిక శాస్త్రవేత్త స్కాట్లాండ్‌కు ఉత్తరాన షెట్లాండ్ దీవుల్లో ఉండి, 1956లో ఒక పుస్తకం రాశాడు. మనుషులు నలుగురిలోకి రావడం నాటకం ఆడటంలాంటిదని, ప్రతి వేదికకూ ఒక తెరవెనుక ఉంటుందని అందులో చెప్పాడు. అతను చూసి రాసినవాటిలో ఒక హోటలు ఉంది. భోజనాల గదిలో వడ్డించేవాళ్ళు ఒక రకంగా ఉంటారు, వంటగదిలోకి రాగానే మరో రకంగా మారతారు. అతని లెక్కలో వంటగది తెరవెనుక చోటు. కంట్రీ ఫుడ్స్ చేసిన పని ఆ వంటగదినే వేదిక చెయ్యడం. అప్పుడు తెరవెనుక ఎక్కడికి పోయింది? కెమెరా వెనక్కి. ఏ షాట్ ఉంచాలి, ఏది తీసెయ్యాలి, ఏ అంకె పేరులో పెట్టాలి అని తేల్చుకునే కుర్రాళ్ళ చేతుల్లోకి. మస్తానమ్మకు ఇక తెరవెనుక అంటూ మిగల్లేదు. మా అమ్మమ్మకు బాధ కలిగించింది అదే. పెరట్లో ఎలా ఉంటుందో అలాగే ఆ పెద్దావిడ వీధరుగు మీదికి వచ్చేసింది.

గంగవ్వ వీడియోల్లో ఆవిడ వీధరుగు మీదికి వచ్చిందని మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది. పెద్ద బొట్టు, కుదురుగా కట్టిన చీర, అన్నిటికంటే ముందు నోరు. ఆవిడకు చదవడం రాదు. సన్నివేశం ఫలానా అని చెబితే తన మాటల్లోకి తిప్పుకుంటుంది. రాసిన డైలాగుకూ పలికిన మాటకూ మధ్య ఉన్న ఆ ఎడంలోనే గంగవ్వ అనే మనిషి తయారైంది. కథ కుర్రాళ్ళది, తిట్టు ఆవిడది. ఎదుటివాడు ఎక్కడ తప్పుతున్నాడో చటుక్కున పట్టుకోవడం, ఒక చూపు చూసి ఆగడం, ఆగిన తర్వాత ఒక్క మాట వదలడం ఏ స్క్రిప్టులోనూ దొరకవు. నాట్లకు వెళ్ళిన ఆడవాళ్ళ మధ్య, బీడీల చాటల చుట్టూ ఏళ్ళ తరబడి నడిచిన మాటల్లో పదునెక్కిన విద్య అది.

యాస సంగతి ఇక్కడ ఆగి చెప్పాలి. తెలుగు సినిమా చాలా ఏళ్ళు తెలంగాణ మాటను రౌడీకో, నవ్వించే పాత్రకో అంటగట్టింది. హీరో మాట్లాడేది మరో భాష. ఆ లెక్కన గంగవ్వను చూసి నవ్వే నవ్వు కూడా పాత నవ్వేనా అని నాకు మొదట్లో అనుమానం ఉండేది. వరసగా చూస్తూ పోతే అనుమానం తగ్గింది. రాసేవాళ్ళూ, తీసేవాళ్ళూ, చుట్టూ నటించేవాళ్ళూ అదే భాషవాళ్ళు. ఆ ఊళ్ళో అందరూ అలాగే మాట్లాడతారు కాబట్టి నవ్వు యాస మీద పుట్టదు, యాసలోంచి పుడుతుంది. ఆ నవ్వు తెలుగు చూపరి దగ్గరికి నేరుగా చేరింది. మస్తానమ్మ రూపాన్ని దూరదేశాలవాళ్ళ కోసం మలిచారు, గంగవ్వ రూపాన్ని పక్క ఊరివాళ్ళ కోసం. దూరంవాడికి మౌనమైన చేతులు చాలు. పక్కవాడికి మాట కావాలి.

ఇద్దరి మధ్యలో నారాయణరెడ్డి తాతను కూడా తలుచుకోవాలి. 'గ్రాండ్‌పా కిచెన్' అనే యూట్యూబ్ చానల్‌లో ఆయన పెద్ద పెద్ద గిన్నెల్లో వండి అనాథ పిల్లలకు పెట్టేవాడు, కెమెరాతో ఇంగ్లీషులో మాట్లాడేవాడు. 2019 అక్టోబరులో పోయాడు. ఆయన రూపం పెట్టే చెయ్యి చుట్టూ తిరిగింది, అందుకే వయసుతోనో యాసతోనో పెద్ద పని పడలేదు.

గంగవ్వ కట్టడం గట్టితనం బయటపడింది 2020లో. నాగార్జున నడిపిన బిగ్ బాస్ నాలుగో సీజన్‌లోకి ఆవిడ వెళ్ళింది. లంబాడిపల్లిలో తీసేటప్పుడు షాట్ అయిపోయాక ఇంటికి పోవచ్చు, పొలానికి పోవచ్చు. అక్కడ చుట్టూ గోడలు, రాత్రీ పగలూ కెమెరాలు, తెరవెనుక అంటూ లేనేలేదు. ఇన్నాళ్ళూ ధాటిగా మాట్లాడిన మనిషి బెంగ పెట్టుకుంది. ఒంట్లో బాగోలేక ఐదో వారంలోనే బయటికి వచ్చేసింది. ఆ రోజుల్లో ఆవిడ మీద కోపం తెచ్చుకున్నవాళ్ళు ఉన్నారు, ఆటకు పనికిరాదన్నవాళ్ళు ఉన్నారు. నాకు మాత్రం అక్కడే ఆవిడ మీద గౌరవం పెరిగింది. తన రూపం ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ నిలవదో తెలుసుకుని, పోతానని చెప్పి బయటికి వచ్చింది. సొంత ఇల్లు కట్టుకోవాలన్న కోరికను ఆ వేదిక మీద దాచుకోలేదు, తర్వాత ఊళ్ళో కట్టుకుంది. 2024లో మళ్ళీ పిలిస్తే ఎనిమిదో సీజన్‌కు వెళ్ళింది, మళ్ళీ ఆరోగ్యం సహకరించక మధ్యలోనే వచ్చేసింది. వెళ్ళడం, రావడం రెండూ ఆవిడ నోటితోనే జరిగాయి.

అలాగని గంగవ్వ రూపానికి ఇరుకు లేదని కాదు. పేరు పెరిగాక సినిమా ప్రచారం కోసం నటులు వచ్చి ఆవిడ పక్కన కూర్చోవడం మొదలైంది. వాళ్ళకు కావలసింది తిట్టే అవ్వ ఒక్కతే. బీడీలు చుట్టిన మనిషి, బాకీలు మోసిన మనిషి, అలిసిపోయిన మనిషి ఆ కుర్చీలో పట్టరు. ఒక తిట్టు, ఒక నవ్వు, సినిమా పేరు. అలాంటివి చూసినప్పుడు ఆవిడ కళ్ళల్లో మామూలు వెలుగు ఉండదు. నాకు అలా అనిపిస్తుంది, మరొకరికి అనిపించకపోవచ్చు. లంబాడిపల్లి కథల్లో ఆవిడ వందరకాలుగా కోప్పడుతుంది, ఇక్కడ ఒక్క రకంగానే.

మస్తానమ్మకు ఆ ఇరుకులోంచి బయటపడే వ్యవధి దొరకలేదు. 2018 డిసెంబరులో పోయింది. వయసు నూటఏడని పత్రికలు రాశాయి, విదేశాల్లోనూ రాశారు. అప్పటికి చానల్‌కు 10 లక్షలకు పైగా సబ్‌స్క్రైబర్లు. వీడియోలు ఇప్పటికీ ఉన్నాయి. పేర్లలోని అంకెలు ఎక్కడివి అక్కడ ఆగిపోయాయి. ఇవాళ కొత్తగా చూసేవాడికి ఆవిడ ఇంకా నూటఆరేళ్ళదే, ఇంకా పొయ్యి ముందే కూర్చుని ఉంది.

కిందటి సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు అమ్మమ్మ అరిసెల పాకం పడుతుంటే ఫోను తీశాను. "ఆగవే" అని పొయ్యి మంట తగ్గించి లోపలికి వెళ్ళింది. పాకం ముదురుతుందని నేను కంగారుపడుతుంటే, చీర మార్చుకుని, తల దువ్వుకుని తీరిగ్గా వచ్చి కూర్చుంది. తీసినదంతా ఆవిడకు చూపించాను. ఒక చోట గరిటె పట్టుకున్న చెయ్యి వణికింది. "ఇది తీసెయ్" అంది. తీసేశాను. మిగిలింది రెండుసార్లు చూసుకుని, విశాఖలో ఉన్న పిన్నికి పంపమంది.