రాచపుండు – అర్బుదము : నామవిమర్శనము

దిలుసుఖనగరు, ఎల్.బి. నగరు ప్రాంతముల వృద్ధులు క్యాన్సరును నేఁటికిని రాచపుండందురు. రాజశబ్దభవమగు "రాచ" యిచట, రాచబాటయందువలె, గొప్పదనమును దెల్పును. దోషము విశేషణమున లేదు, విశేష్యమునఁ గలదు. పుండన్నంతనే రోగికిఁ బసరును లేపమును స్ఫురించును. పండి, చీముపట్టి, పగిలి మానునను నాశ పుట్టును. నోటి క్యాన్సరు మానని పుండుగాఁ గనఁబడుట నిజమే. కాని పుండు దాని లక్షణమే కాని స్వరూపము గాదు.

సుశ్రుతుఁడు నిదానస్థానపు 11వ యధ్యాయమున, అర్బుదము పక్వము గాదని స్పష్టముగాఁ జెప్పెను. రక్తార్బుద మాంసార్బుదములు అసాధ్యములనియు నొప్పుకొనెను. కావున ఆయుర్వేదము పేరిట "నిశ్శేషముగా మాన్పుదుము" అనువారికి ఆ శాస్త్రమే సాక్ష్యమీయదు. అట్టి ప్రకటనలను 1954 నాఁటి కేంద్రశాసనము నిషేధించినది.

మూలికలు వ్యర్థములని దీని తాత్పర్యము గాదు. బిళ్ళగన్నేరునుండి తీసిన విన్‌క్రిస్టిన్ రక్తక్యాన్సరునకు నేఁటికిని మందు. అయినను అది శుద్ధిచేసి, తూచి, వైద్యుఁడు నరమున నెక్కించు సారము, ఇంట నూఱిన యాకుపసరు గాదు. వ్యాధి వ్యాపింపక మున్నే ప్రత్యామ్నాయ చికిత్సను మాత్రమే నమ్మినవారికి మరణాపాయము రెండున్నర రెట్లని 2018లో వెలువడిన అమెరికా పరిశోధనమునఁ దేలినది.

దిలుసుఖనగరునుండి లకిడీకాపూలునకు మెట్రో తిన్నగాఁ బోవును. ఆ చెంత రెడ్‌హిల్సునందు 1955లో వెలసిన మెహదీ నవాజు జంగు పేరిటి ప్రభుత్వ క్యాన్సరు ఆసుపత్రి గలదు. అంత చేరువనున్న పరీక్షను నెలలకొలఁది వాయిదా వేయించునది పుండను మాటయే యైనచో, గడ్డగాఁ బొడమిన వ్యాధిని కంతి యనుటయే మేలు. కంతి యన్నచోఁ బసరుకంటె ముందు పరీక్ష తలఁపునకు వచ్చును.