‘హదీసు’ అని వ్రాస్తే చాలునా?
(తెలుగు ఇస్లామీయ వ్యాసాలలో ఆధార సూచన: ఒక విమర్శ)

ఆధారం చూపడమనేది ఇస్లామీయ విజ్ఞానశాస్త్రాలు పాశ్చాత్య విశ్వవిద్యాలయాల నుండి అరువు తెచ్చుకున్న ఆచారం కాదు. ఈ మాట ఎవరు చెప్పారు, వారికి ఎవరు చెప్పారు అని గొలుసుగా పేర్కొనే ‘ఇస్నాద్’ పద్ధతి హిజ్రీ తొలి శతాబ్దాలలోనే వేళ్లూనుకున్నది. ఇస్నాద్ ధర్మంలో భాగమని హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ముబారక్ అన్నట్లు ఇమామ్ ముస్లిం తమ ‘సహీహ్’ పీఠికలో పొందుపరచారు. నమ్మదగనివాడు వార్త తెచ్చినప్పుడు నిజానిజాలు విచారించాలని దివ్య ఖుర్ఆన్ (అల్ హుజురాత్ 49:6) ఆదేశిస్తున్నది. ఇంతటి వారసత్వం గల సమాజం తెలుగులో వ్రాసుకొనే వ్యాసాలలో ఆధార సూచనే అత్యంత బలహీనమైన అంగంగా మిగిలిపోవడం విచారకరం.

సాధారణంగా జరుగుతున్నదేమిటి? వ్యాసకర్త ఒక ప్రవచనం ఉటంకించి, చివర కుండలీకరణాలలో ‘హదీసు’ అనో, ‘బుఖారీ’ అనో వ్రాసి ఊరుకుంటాడు. కొంత శ్రద్ధ గలవారు ఒక సంఖ్య కూడా చేరుస్తారు గాని, అది ఏ ముద్రణలోని సంఖ్యో చెప్పరు. దీనివల్ల కలిగే చిక్కుకు మిక్కిలి ప్రసిద్ధమైన ఒక హదీసునే ఉదాహరణగా తీసుకోవచ్చును. కర్మలు సంకల్పాలను బట్టి ఉంటాయనే హదీసు సహీహ్ బుఖారీలో ఏడుచోట్ల వస్తున్నది. ముహమ్మద్ ఫుఆద్ అబ్దుల్ బాఖీ లెక్క ప్రకారం అవి 1, 54, 2529, 3898, 5070, 6689, 6953 సంఖ్యలు. వాటి పాఠాలలో చిన్నచిన్న భేదాలున్నవి. సహీహ్ ముస్లింలో అదే లెక్క ప్రకారం దాని సంఖ్య 1907. అబ్దుల్ హమీద్ సిద్దీఖీ ఆంగ్లానువాదంలో 4692. రెండు సంఖ్యలూ సరియైనవే. కాని ఎవరి లెక్కో చెప్పకుండా ఒక సంఖ్య మాత్రమే ఇస్తే, రెండవ ముద్రణ చేతనున్న పాఠకునికి మరేదో హదీసు కనబడుతుంది. అప్పుడతడు వ్యాసకర్తనైనా శంకిస్తాడు, తన చేతిలోని గ్రంథాన్నైనా శంకిస్తాడు.

హైదరాబాదులోనో, విజయవాడలోనో ఉన్న విద్వాంసుడు నలుగురిని అడిగి ఈ చిక్కు విప్పుకోగలడు. ఎన్.టి.ఆర్. జిల్లాలో, తిరువూరు ప్రాంతంలో, తెలంగాణ సరిహద్దు చేరువన ఉన్న గంపలగూడెం వంటి మండల కేంద్రంలో కూర్చొని చదువుకొనే తెలుగు పాఠకుని సంగతి వేరు. అతనికి అరబ్బీ రాకపోవచ్చు. పెద్ద గ్రంథాలయం దూరం. నేడు హదీసు గ్రంథాలు చేతిలోని ఫోనులోనే దొరుకుతున్న మాట నిజమే. అయితే అక్కడ వెదకడానికీ సరియైన అధ్యాయం పేరు, సంఖ్య కావాలి. అట్టి పాఠకునికి ఆధార సూచన అలంకారం కాదు, తలుపు తీసే తాళపుచెవి. అది ఇవ్వని రచయిత పాఠకుణ్ణి తన మాటనే గుడ్డిగా నమ్మమంటున్నాడన్నమాట.

అంతకన్న ప్రమాదకరమైనది సగం ఆధారం. ‘చైనా వెళ్ళియైనా విద్య నార్జించండి’ అనే వాక్యాన్ని దైవప్రవక్త (స) ప్రవచనంగా ఉటంకించి, క్రింద ‘బైహఖీ’ అని వ్రాసేవారున్నారు. బైహఖీ తమ ‘షుఅబుల్ ఈమాన్’లో ఆ వాక్యాన్ని పేర్కొన్నది నిజం. కాని దాని పాఠం ప్రసిద్ధమే అయినా ఇస్నాద్ బలహీనమని వారే అక్కడ స్పష్టం చేశారు. ఇబ్నుల్ జౌజీ మరొక అడుగు ముందుకు వేసి దానిని కల్పిత హదీసుల సంకలనంలో చేర్చారు. బైహఖీ పేరు గ్రహించి, బైహఖీ తీర్పును వదలివేయడం ఆధారం చూపడం కాదు, ఆధారాన్ని దాచడం. విద్యకు ఇస్లాం ఇచ్చిన ప్రాధాన్యాన్ని నిరూపించడానికి బలహీనమైన వాక్యాన్ని ఆశ్రయించవలసిన అగత్యమూ లేదు.

ఇక పేర్ల విషయం. వైజ్ఞానిక పత్రికలు చాలావరకు ఇంటిపేరు ముందు, మిగిలిన పేరు పొడి అక్షరాలుగా తరువాత వ్రాయమంటాయి. వైద్య పత్రికల సంపాదకులు 1978లో కెనడాలోని వాంకూవర్‌లో సమావేశమై రూపొందించిన పద్ధతీ ఇట్టిదే. ఐరోపా పేర్లకు ఇది చక్కగా అమరుతుంది. ఖుర్ఆన్‌ను తెనిగించిన చిలుకూరి నారాయణరావు పేరును యాంత్రికంగా ఇందులో ఇరికిస్తే ‘రావు సి.ఎన్.’ అవుతుంది, ముందే ఉన్న ఇంటిపేరు పొడి అక్షరమై పోతుంది. మరొక అనువాదకులు కర్నూలుకు చెందిన మౌలానా అబ్దుల్ గఫూర్ పేరు ‘గఫూర్ ఎ.’ అవుతుంది. ఇది కేవలం అసౌకర్యం కాదు. ‘అల్ గఫూర్’ అల్లాహ్ శుభనామాలలో ఒకటి. ‘అబ్దుల్ గఫూర్’ అంటే ఆ క్షమాశీలుని దాసుడు. దాసుణ్ణి తొలగించి నామాన్ని మిగల్చడం అర్థాన్నే తలక్రిందులు చేయడం. ఇట్టి పేర్లను విడదీయక పూర్తిగా వ్రాయడమే ధర్మం. పత్రిక నియమం అడ్డువస్తే సంపాదకునికి కారణం వివరించి వ్రాయవచ్చును.

సంవత్సరాల లెక్కలోనూ అజాగ్రత్త పనికిరాదు. హదీసు ఉల్లేఖకుల జీవిత వివరాలకు ఆకరమైన ఇబ్నె హజర్ ‘తహ్‌జీబుత్ తహ్‌జీబ్’ను 1888లో స్థాపితమైన హైదరాబాదు దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ 12 సంపుటాలుగా హిజ్రీ 1325-27లో ముద్రించింది. 1325కు 622 కలిపి క్రీ.శ. 1947 అని వ్రాస్తే నలభై ఏండ్ల పొరపాటు! చాంద్రమాన సంవత్సరం సుమారు పదకొండు రోజులు చిన్నది. హిజ్రీ 1325 నిజానికి 1907 ఫిబ్రవరిలో మొదలై 1908 ఫిబ్రవరిలో ముగిసింది. గ్రంథంపై ఉన్న హిజ్రీ సంవత్సరాన్ని యథాతథంగా ఇచ్చి, క్రీస్తుశకాన్ని ప్రక్కన చేర్చడం ఉత్తమం.

సామాన్యుల కోసం వ్రాసే వ్యాసానికి ఇంత బరువెందుకని కొందరు ఆక్షేపించవచ్చు. ఆక్షేపణలో కొంత న్యాయమున్నది; పుటలో సగం అధోజ్ఞాపికలు నింపితే పాఠకుడు పారిపోతాడు. కాని కావలసినది పాండిత్య ప్రదర్శన కాదు, ఒక్క పంక్తి. ఆ ఒక్క పంక్తి విలువ ఏపాటిదో హైదరాబాదులో 1908లో జన్మించిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లాహ్ కృషి చాటుతున్నది. హజ్రత్ అబూ హురైరా (రజి) శిష్యులు హమ్మామ్ బిన్ మునబ్బిహ్ సంకలించిన సహీఫాను ఆయన బెర్లిన్, డమాస్కస్ వ్రాతప్రతుల ఆధారంగా 1953లో ప్రకటించారు. అందులోని 138 హదీసులను ముస్నద్ అహ్మద్ వంటి తరువాతి గ్రంథాలతో పోల్చి చూడగలిగారంటే, ఆ గ్రంథకర్తలు ప్రతి మాటకూ అది వచ్చిన దారిని వ్రాసిపెట్టినందువల్లనే.

కనుక తెలుగు రచయితలు కనీసం ఈ నియమాలు పాటించడం అవసరం. ఖుర్ఆన్‌కు సూరా పేరు, సంఖ్య, ఆయతు సంఖ్య ఇవ్వాలి. హదీసుకు గ్రంథం, అధ్యాయం, సంఖ్య, ఆ సంఖ్య ఎవరిదో చెప్పాలి. హదీసువేత్తల తీర్పు ఉంటే దాచకూడదు. అనువాదం నుండి గ్రహించినప్పుడు మూలగ్రంథం చూచినట్లు నటించక ఆ అనువాదకుని పేరే వ్రాయాలి. ఇది పత్రికా నియమం మాత్రమే కాదు, అమానతు. దైవప్రవక్త (స) పేరిట వెలువడే ప్రతి వాక్యానికీ లెక్క చెప్పవలసి ఉంటుందని ఎరిగిన కలం ఆ ఒక్క పంక్తి వ్రాయడానికి బద్ధకించదు.