బకావళి ఎవర్ని నమ్మాలి?

గులేబకావళి అనగానే తెలుగువాళ్లకు 1962లో వచ్చిన ఎన్.టి. రామారావు సినిమా, అందులోని సినారె పాటలు గుర్తొస్తాయి. ఉర్దూ కూడా చదువుకున్న మాకు దయాశంకర్ నసీమ్ మస్నవీ ‘గుల్జారె నసీమ్’ గుర్తొస్తుంది. రెండు భాషల్లోనూ దీన్ని పువ్వు తెచ్చిన వీరుడి కథగానే చెప్పుకుంటున్నాం. పువ్వు ఎవరిది? పోగొట్టుకున్నదెవరు?

పువ్వు బకావళిది. గుడ్డివాడైన తండ్రికి చూపు తెప్పించడానికి తాజుల్ ములూక్ ఆమె తోటలో దూరి, ఆమె నిద్రలో ఉండగా పువ్వు కాజేసి, ఉంగరం మార్చి వెళ్లిపోతాడు. మంచి పనికే చేశాడు. కానీ ఆమెను అడగలేదు. దొంగ కోసం మగవేషంలో బయల్దేరిన బకావళి చివరికి ఆ దొంగనే ప్రేమిస్తుంది. చాలామందికి కథ ఇక్కడితో అయిపోతుంది.

మాకు ఇక్కడ్నించే మొదలవుతుంది. మనిషిని తాకిన పరీ మైలపడిందట. రోజూ రాత్రి ఇంద్రసభలో ఆమెను మంటల్లో కాల్చి బూడిద చేస్తారు. మనిషి వాసన పోయాక నీళ్లు చల్లి లేపుతారు. అప్పుడు ఆడాలి. తెల్లారేలోగా ఏమీ ఎరగనట్టు వచ్చి భర్త పక్కన పడుకోవాలి. అతనికి ఆమె ఒక్క మాట చెప్పదు. దీన్ని పతిభక్తి అని పొగడొచ్చు. మేం అలా చదవలేం. నిద్రలో దోపిడీకి గురైన మనిషి తన కాలిన ఒంటిని ఎవరికి చూపించాలో తేల్చుకోలేకపోవడం ఇది.

అతను రహస్యంగా వెంటవెళ్లి మృదంగం వాయిస్తాడు. ఇంద్రుడు మెచ్చి వరం కోరుకొమ్మంటే ఆమె ఆ వాద్యగాణ్ణే కోరుతుంది. మొదటిసారి నిండు సభలో ఒకర్ని నమ్మింది. దానికి శిక్ష, నడుం కింద పన్నెండేళ్లు రాయి కావడం. గుడిలో రాయిగా ఉన్న ఆమె దగ్గరికి అతను రాత్రుళ్లు వస్తూనే చిత్రావత్ అనే రాజకుమారిని పెళ్లాడతాడు. ఆ రాజకుమారి గుడిని కూలగొట్టిస్తుంది. ఆ నేలలో పండిన ఆవాలు తిన్న రైతు భార్య కడుపున బకావళి మళ్లీ పుడుతుంది. పుట్టి, మళ్లీ అతన్నే చేరుతుంది.

నసీమ్ క్లుప్తతకు పేరుపడ్డ కవి. ఆ క్లుప్తతలో బకావళి సందేహానికి చోటు దొరకలేదు. కొత్త జన్మతో పాత లెక్కలన్నీ చెల్లిపోయాయని కవి అనుకున్నాడు. ‘నిన్నెందుకు నమ్మాలి?’ అన్న ప్రశ్న ఆమె నోట రాలేదు.

అయితే ఈ పరీక్ష కవికీ తప్పలేదు. 1905లో చక్బస్త్ ఈ మస్నవీని మళ్లీ అచ్చువేయిస్తే, ఇది నసీమ్ సొంత రచనేనా అని షరర్ అనుమానించాడు. గురువు ఆతిష్ రాసిపెట్టాడన్నాడు. ఉర్దూలో అంత బాగా రాసిన కాశ్మీరీ పండితుడు చనిపోయిన అరవై ఏళ్ల తర్వాత కూడా రుజువు చూపించుకోవాలా? ఉర్దూ మాది అనుకునే మేం ఈ మాట ముందు మమ్మల్నే అడుక్కోవాలి. వాసన చూసి మంటల్లో తొయ్యడం ఏ ఒక్క సభకో పరిమితమైన అలవాటు కాదు.

కాలినవాళ్లను ‘ఇంకా నమ్మరేం?’ అని నిలదీయడం తేలిక. బకావళి నమ్మకపోతే అది ఆమె లోపం కాదు. తీసుకున్న పువ్వుకి జవాబు చెప్పాల్సింది తీసుకున్నవాడు. మంట ఆర్పాల్సింది సభ. ఆ రెండూ జరగని కథలో ఆమె నమ్మకాన్ని సుఖాంతం అనడానికి మాకు మనసొప్పడం లేదు.