"ఫిల్మ్‌నగర్ భోగట్టా" - "నేను": తెలుగు సినీ స్వీయకథనంలో వెల్లడి, మౌనం, మూల్యం

వ్యాససంగ్రహం:
తెలుగు సినీకళాకారులు తమ జీవితవిషయాలను, ఇష్టాయిష్టాలను, అభిప్రాయాలను ప్రజలకు వెల్లడించే తీరును స్వీయకథన ప్రక్రియలో భాగంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. మద్రాసు కాలపు ఆత్మకథలను, హైదరాబాదులో జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ కేంద్రంగా నడుస్తున్న పరిశ్రమ నుంచి వెలువడిన మూడు బహిరంగ ప్రకటనలను పక్కపక్కన ఉంచి చదవడం ఇందులో అనుసరించిన పద్ధతి. వెల్లడి విలువను నిర్ణయించేది చెప్పిన విషయాల విస్తృతి కాదనీ, చెప్పినందుకు వక్త సిద్ధపడిన మూల్యమనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: స్వీయకథనం, ఆత్మకథ, ఫిల్మ్‌నగర్, అక్కినేని, భానుమతి, ముళ్ళపూడి, సమంత, శ్రీరెడ్డి.

1. ఉపోద్ఘాతం

తెలుగు సినిమా వార్తల్లో "ఫిల్మ్‌నగర్ భోగట్టా", "ఫిల్మ్‌నగర్ వర్గాల సమాచారం" అన్న ప్రయోగాలు పాఠకులకు చిరపరిచితాలు. ఈ ప్రయోగాల్లో ఫిల్మ్‌నగర్ స్థలనామం కాదు. పేరు లేని వక్తకు పెట్టిన పేరు. ఒకరి పెళ్లి, ఒకరి అనారోగ్యం, ఒకరి పారితోషికం - అన్నీ ఈ వక్త నోట వినిపిస్తాయి. చెప్పినవారు ఎవరో తెలియదు కనుక మాటకు బాధ్యులూ ఉండరు. వ్యాకరణపరిభాషలో చెప్పాలంటే ఇది కర్త అదృశ్యమైన వాక్యం.

ఈ వాక్యానికి ఎదురుగా నిలిచేది "నేను" అనే ఉత్తమపురుష. కందుకూరి వీరేశలింగం స్వీయచరిత్ర మొదలుకొని శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి 'అనుభవాలూ జ్ఞాపకాలూనూ' వరకు తెలుగు ఆత్మకథలపై విస్తృతమైన పరిశోధన జరిగింది. సినీకళాకారుల స్వీయకథనాలను మాత్రం చాలావరకు సినిమా చరిత్రకు సమాచారవనరులుగానే వాడుకుంటున్నాం. ఏ సినిమా ఎప్పుడు మొదలైంది, ఎవరు ఎవరితో విభేదించారు అన్న వివరాల కోసం వాటిని తిరగేస్తున్నాం. వాటిని ఉక్తులుగా, అంటే ఒక వ్యక్తి ఒక సందర్భంలో కొంత నష్టానికి సిద్ధపడి పలికిన మాటలుగా, చదవడం తక్కువ.

2. ఇష్టం, అభిప్రాయం, వాస్తవం

తన గురించి తాను చెప్పుకొనే మాటలను స్థూలంగా మూడు శ్రేణులుగా విభజించవచ్చు. మొదటిది ఇష్టం: నచ్చిన వంటకం, నచ్చిన రంగు, అభిమాన నటుడు. రెండవది అభిప్రాయం: దేవుడు, రాజకీయం, తోటివారి పని గురించిన తీర్పు. మూడవది జీవితవాస్తవం: పేదరికం, రోగం, అవమానం, అప్పు.

సినిమా విడుదలకు ముందు జరిగే ముఖాముఖి కార్యక్రమాలు ఎక్కువగా మొదటి శ్రేణి చుట్టూ తిరుగుతాయి. దీనికి కారణం స్పష్టం. ఇష్టం చెప్పినందుకు ఎవరూ నొచ్చుకోరు; అభిమానికి ఆత్మీయత దక్కిన భావన మిగులుతుంది. నటుడు ఏమీ కోల్పోడు. ఇష్టాల జాబితా వెల్లడిలా కనిపించే ఒక రకమైన మౌనం.

అయితే ఇష్టానికి సంబంధించిన మాట ఎప్పుడూ నిస్సారమే అనలేం. 'దేవదాసు' (1953) చిత్రంలో తాగుబోతుగా కనిపించడానికి తాను మద్యం ముట్టలేదనీ, రాత్రి చిత్రీకరణకు ముందు పెరుగన్నం తిని, నిద్రమత్తు కమ్మిన కళ్లతో నటించాననీ అక్కినేని నాగేశ్వరరావు చెప్పేవారు. పెరుగన్నం ఇక్కడ నచ్చిన వంటకాల జాబితాలో ఒక అంశం కాదు, నటనా రహస్యం. ప్రేక్షకులు విషాదంగా అనుభవించిన చూపును కడుపునిండిన మనిషి నిద్రమత్తుగా విప్పి చెప్పడానికి తన పాత్ర చుట్టూ అల్లుకున్న భ్రమను వదులుకోగల ధైర్యం కావాలి. అంటే మూల్యం చెల్లిస్తే తిండి కబురు కూడా స్వీయకథనం కాగలదు.

3. మద్రాసు కాలపు ఆత్మకథలు: రెండు మార్గాలు

హైదరాబాదుకు తరలక ముందు తెలుగు సినీపరిశ్రమకు మద్రాసే కేంద్రం. ఆ కాలాన్ని చిత్రించిన ఆత్మకథల్లో రెండు భిన్నమైన పద్ధతులు కనిపిస్తాయి.

భానుమతీ రామకృష్ణ తొలి చిత్రం 'వరవిక్రయం' (1939). ఆమె నటి, గాయని, నిర్మాత, 'చండీరాణి' (1953) దర్శకురాలు, కథారచయిత్రి. 'అత్తగారి కథలు'లో ఆమె కోడలి గొంతుతో మాట్లాడారు. అక్కడి "నేను"కు హాస్యం, కల్పన అనే రెండు తెరలున్నాయి. 'నాలో నేను' ఆత్మకథలో ఆ తెరలు తొలగాయి. జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో సినిమాపై ఉత్తమ గ్రంథంగా గుర్తింపు పొందిన ఈ రచన శీర్షికే గమనార్హం. లోకానికి తెలిసిన భానుమతి ఒకరు, లోపలి "నేను" మరొకరు అన్న విభజన ఆ రెండు మాటల్లో ఉంది. నటిని పరులు రాసిన సంభాషణ పలికే మనిషిగా మాత్రమే చూసిన కాలంలో తన మాటను తానే రాసుకోవడం ఆమె విషయంలో అధికారప్రకటన కూడా.

ముళ్ళపూడి వెంకటరమణ మార్గం వేరు. స్వాతి వారపత్రికలో ధారావాహికగా వచ్చిన 'కోతికొమ్మచ్చి' కాలక్రమాన్ని పాటించదు. పిల్లల ఆటలో కొమ్మమీంచి కొమ్మకు దూకినట్టు ఒక జ్ఞాపకం నుంచి మరొక జ్ఞాపకానికి దూకుతుంది. తండ్రి మరణానంతరం మద్రాసులో గడిచిన పేద బాల్యం, సినిమా నిర్మాణంలో తగిలిన దెబ్బలు అందులో ఉన్నాయి. కానీ ఏ బాధ దగ్గరా రచయిత పాఠకుణ్ణి ఎక్కువసేపు నిలబెట్టడు. సానుభూతి పుట్టేలోగా మరో కొమ్మకు దూకుతాడు. ఈ గెంతు శైలీవిన్యాసం మాత్రమే కాదు, కన్నీటిని అమ్ముకోకూడదన్న నియమం కూడా. ఎంత చెప్పాలో నిర్ణయించుకొనే హక్కును హాస్యం ద్వారా ఆయన తన చేతిలో ఉంచుకున్నారు.

ఇద్దరి విషయంలోనూ ఒక సౌలభ్యం ఉంది. జరిగిపోయినదాన్ని తీరిగ్గా, కాలం ఇచ్చిన దూరం నుంచి చెప్పారు. ఆ దూరం లేనప్పుడు స్వీయకథనం ఎలా ఉంటుందన్నది తరువాతి ప్రశ్న.

4. రెండు అనారోగ్య ప్రకటనలు: 2013, 2022

అక్కినేని 1963లో హైదరాబాదుకు నివాసం మార్చారు. ఆయన నెలకొల్పిన అన్నపూర్ణ స్టూడియోస్ 1976లో ప్రారంభమైంది. జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ పరిసరాలు సినిమాకు చిరునామా కావడంలో ఆయన పాత్ర గణనీయం. 2013 అక్టోబర్ 19న హైదరాబాదులో ఆయన పాత్రికేయులను పిలిచి, తనకు క్యాన్సర్ ఉన్నట్లు తానే వెల్లడించారు. అప్పటికి ఆయన సుమారు తొంభై ఏళ్లవారు. 'మనం' చిత్రంలో నటిస్తున్నారు. 2014 జనవరి 22న మరణించారు. చిత్రం ఆ ఏడాది మే నెలలో విడుదలైంది.

ఈ ప్రకటనలో గమనించవలసింది సమయం. రోగం నయమయ్యాక చెబితే అది విజయగాథ. మరణానంతరం ఇతరులు చెబితే అది సంస్మరణ. మధ్యలో, ఫలితం తెలియని దశలో, బాధితుడే చెప్పడం ఆత్మకథకు అందని క్షణం. "ఫిల్మ్‌నగర్ భోగట్టా"గా రాగల వార్తను ఆయన ఉత్తమపురుషలోకి మార్చారు.

తొమ్మిదేళ్ల తరువాత, 2022 అక్టోబర్ 29న, సమంత తనకు మయోసైటిస్ అనే వ్యాధి ఉన్నట్లు ఇన్‌స్టాగ్రామ్‌లో తెలిపారు. వ్యాధి తగ్గుముఖం పట్టాక చెబుదామనుకున్నాననీ, అందుకు అనుకున్నదానికన్నా ఎక్కువ కాలం పడుతోందనీ ఆమె వివరణ సారాంశం. ఆ ప్రకటనతోపాటు సెలైన్ ఎక్కించుకుంటూ డబ్బింగ్ చెబుతున్న చిత్రాన్ని ఉంచారు. 'యశోద' చిత్రం నవంబర్ 11న విడుదల కావలసి ఉంది. ట్రైలర్‌కు లభించిన ఆదరణ ప్రస్తావన కూడా ఆ ప్రకటనలోనే ఉంది.

ఇక్కడ ఒక ఆక్షేపణకు అవకాశం ఉంది: ప్రచారమూ వెల్లడీ కలిసిపోతే నిజాయితీని ఎలా కొలవాలి? రెండింటినీ విడదీయలేమన్నది నిజమే. అయితే మయోసైటిస్ కండరాలను బలహీనపరిచే వ్యాధి. శరీరమే పెట్టుబడిగా ఉన్న రంగంలో, పోరాటఘట్టాలున్న చిత్రం విడుదలకు ముందు, కథానాయిక తన కండరాల బలహీనతను ప్రకటించడం రాబోయే అవకాశాలను పణంగా పెట్టడమే. సుమారు తొంభై ఏళ్ల నటుడికి ఆ నష్టభయం అంతగా లేదు. ఈ వ్యత్యాసాన్ని గుర్తించకుండా రెండు ప్రకటనలనూ ధైర్యం అనే ఒక్క మాటతో సమం చేస్తే విమర్శ లోతు తగ్గుతుంది.

5. వినేవారు లేని "నేను": 2018

పై ఉదాహరణల్లో వక్తలందరూ ప్రసిద్ధులు. మాట్లాడితే వినడానికి లోకం సిద్ధంగా ఉంది. జూబ్లీహిల్స్‌కు ఆనుకొనే ఉన్న కృష్ణానగర్‌లో జూనియర్ ఆర్టిస్టులు, చిన్న సాంకేతికనిపుణులు నివసిస్తారు. వారి స్వీయకథనానికి వేదిక ఏది?

2018 ఏప్రిల్ 7న ఫిల్మ్‌నగర్‌లోని ఫిల్మ్ ఛాంబర్ ఎదుట నటి శ్రీరెడ్డి లైంగిక దోపిడీకి వ్యతిరేకంగా అర్ధనగ్నంగా నిరసన తెలిపారు. ఆమె ఆరోపణల నిజానిజాలు తేల్చడం ఈ వ్యాస పరిధి కాదు. ఆ మాటకు లభించిన ప్రతిస్పందనే ఇక్కడ ముఖ్యం. ఆమెకు సభ్యత్వం ఇవ్వబోమనీ, సభ్యులెవరూ ఆమెతో నటించరాదనీ మూవీ ఆర్టిస్ట్స్ అసోసియేషన్ ప్రకటించింది. జాతీయ మానవహక్కుల సంఘం తనంత తానుగా స్పందించి నోటీసులు జారీ చేసింది. ఆ నిషేధం తొలగింది. అంటే "నాకు ఇలా జరిగింది" అన్న వాక్యానికి తొలి సమాధానం "నీవెవరు?" అన్న ప్రశ్న. ఉత్తమపురుషను పలకడానికి కూడా సభ్యత్వం కావలసివచ్చింది.

సినీరంగంలో లైంగిక వేధింపుల విషయమై తెలంగాణ ప్రభుత్వం 2019లో కమిటీని ఏర్పాటుచేసింది. ఉపసంఘం నివేదిక సమర్పించింది. 2024 ఆగస్టులో ఆ నివేదికను బయటపెట్టాలని సమంత బహిరంగంగా కోరేనాటికి కూడా అది ప్రజల ముందుకు రాలేదు. తన దేహం గురించి చెప్పిన మాధ్యమంలోనే ఆమె ఇతర స్త్రీల మాట కోసం అడిగారు. స్వీయప్రకటన తనను దాటి వెళ్లగలదనడానికి ఇది నిదర్శనం.

6. ముగింపు

- ఇష్టాల వెల్లడి సాధారణంగా మౌనానికి మారురూపం. వక్త తన చుట్టూ ఉన్న భ్రమను వదులుకున్నప్పుడే దానికి స్వీయకథన విలువ వస్తుంది.
- భానుమతి, ముళ్ళపూడి ఆత్మకథల్లో చెప్పేదాని హద్దును నిర్ణయించే అధికారం రచయిత చేతిలో ఉంది. ఆ అధికారమే వారి శైలిని నిర్ణయించింది.
- అక్కినేని, సమంత ప్రకటనలు ఫలితం తెలియని దశలో పలికినవి. వాటి మూల్యం వయసును, లింగాన్ని, వృత్తిస్థితిని బట్టి మారింది.
- శ్రీరెడ్డి ఉదంతం స్వీయకథనానికి వక్త ఒక్కరే చాలరనీ, వినే సమాజం కూడా కావాలనీ చూపుతుంది.

అచ్చయిన ఆత్మకథలకే పరిశోధన పరిమితమైతే జూబ్లీహిల్స్ గొంతులే మనకు వినిపిస్తాయి. కృష్ణానగర్ గొంతులు పత్రికాసమావేశాల్లో, నిరసనల్లో, వెలుగు చూడని నివేదికల్లో ఉన్నాయి. వాటిని కూడా పాఠంగా స్వీకరించినప్పుడే తెలుగు సినీ స్వీయకథన చరిత్ర సమగ్రమవుతుంది.