గౌతమి బురదలో గాజు భరిణెలు

గోదావరి పాయ గౌతమి ఒడ్డున పాటు తీసినప్పుడు బురద మీద గోధుమరంగులో జారుడుగా కనిపించే పాచి చాలావరకు డయాటమ్‌లే. ఇవి ఏకకణ శైవలాలు. ఎక్కువ జాతులు మిల్లీమీటరులో ఐదో వంతు కూడా ఉండవు. నీటిలో కరిగిన సిలికాతో చుట్టూ గాజు గూడు కట్టుకుంటాయి. గూటికి రెండు పెంకులు. కుంకుమ భరిణె మూతలా పై పెంకు కింది పెంకు మీద కూర్చుంటుంది. కణం రెండైనప్పుడు ఒక్కో పిల్లకణానికి ఒక్కో పాత పెంకు దక్కుతుంది. దాని లోపల ఇమిడే కొత్త పెంకును అది తయారుచేసుకుంటుంది. అందుకే చిన్న పెంకు దక్కిన సంతతి తరతరానికీ కురచబడుతుంది. ఒక హద్దుకు చేరాక లైంగిక ప్రత్యుత్పత్తితో మళ్ళీ పూర్తి పరిమాణం వస్తుంది.

యానాం, కనకాలపేట వైపు ఈ గూళ్ళకు ముడిసరుకు తెచ్చేది గోదావరే. ఎగువన రాళ్ళు అరిగి కరిగిన సిలికా ఆ నీటిలో ఉంటుంది. వరదలో ఎర్రనీరు వెలుతురును లోపలికి పోనివ్వదు. వరద తీసి నీరు తేటపడ్డాక డయాటమ్‌లు విస్తారంగా పెరుగుతాయి. వేసవిలో ఉప్పునీరు పైకి ఎగదన్నితే ఉప్పును ఓర్చుకొనే జాతులు వస్తాయి. భూమ్మీద జరిగే కిరణజన్య సంయోగక్రియలో దాదాపు ఐదో వంతు డయాటమ్‌లదే. హేచరీల్లో రొయ్య పిల్లలకు తొలి మేతగా పెంచే కీటోసెరాస్, స్కెలెటోనిమా కూడా డయాటమ్‌లే. కోస్తా రొయ్యల సాగు తొలి దశలో వీటి మీద ఆధారపడుతుందన్నమాట.

ఈ గూళ్ళ అందం పాచిని చూసినంత మాత్రాన తెలియదు. బురదను తేర్చి, హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో వేడిచేస్తే లోపలి జీవపదార్థం పోయి పెంకులు మిగులుతాయి. ఈ పని అనుభవజ్ఞులు దగ్గరుండి చేయించాలి. నీటిలో ఉంచితే సిలికా సరిగా కనిపించదు. రెండింటి వక్రీభవన గుణకాలు దగ్గరగా ఉంటాయి. గుణకం ఎక్కువున్న జిగురులో అమర్చినప్పుడే రంధ్రాల వరుసలు, చక్రాలు, నక్షత్రాలు బయటపడతాయి. పెంకుకు రంగు లేదు. నల్లని నేపథ్యంలో మెరిసే నీలం, పసిడి వన్నెలు ఆ సన్నని రంధ్రాలు వెలుతురును చెదరగొట్టడంవల్ల పుట్టినవి. ప్లూరోసిగ్మా అనే డయాటమ్ పెంకు మీది గీతలు ఎంత సన్నమంటే, 19వ శతాబ్దంలో సూక్ష్మదర్శిని కటకాల నాణ్యతకు అవి ఒక పరీక్ష.

ఆ శతాబ్దంలోనే జర్మనీవాడైన యోహాన్ డీడ్రిష్ మోలర్ ఒకే గాజుపలక మీద 4 వేలకు పైగా డయాటమ్‌లను వరుసలుగా పేర్చాడు. ఇలాంటి అమరికలో వెంట్రుక కొనతో ఒక్కో పెంకును ఎత్తి చోటు చూసి దించాలి. ఊపిరి తగిలినా చెదిరిపోతుంది. చేతిపనిలో ఇంతటి ఓర్పు అరుదు.

పచ్చి పాచిని చూడడానికి మాత్రం ఇంత శ్రమ అక్కర్లేదు. బడిలో సూక్ష్మదర్శిని ఉన్న ఉపాధ్యాయులు ఏటిగట్టు పాచి ఒక చుక్క తెచ్చి, బురద మీద వాటంతటవే జారుతూ కదిలే డయాటమ్‌లను పిల్లలకు చూపించాలి.