పళ్ళెంలో పెరిగే పేగు

చిన్నపేగు లోపలి పొరంత వేగంగా అరిగి, అంతే వేగంగా కొత్తబడే కణజాలం శరీరంలో మరొకటి కనబడదు. ఆహారాన్ని పీల్చుకునే కణాల ఆయుష్షు మూడు నుంచి ఐదు రోజులు. పైకి లేచిన సన్నని చూషకాల కొసల నుంచి అవి రాలిపోతుంటే, వాటి మొదళ్ళ చుట్టూ ఉండే క్రిప్టులనే లోతైన గుంతల్లో కొత్త కణాలు పుట్టి పైకి జరుగుతుంటాయి. రోటావైరస్ విరేచనాలు పట్టిన బిడ్డ సాధారణంగా వారం తిరిగేసరికి తేరుకోవడం ఈ ఏర్పాటు చలవే. ఆ వైరస్ ప్రధానంగా చూషకాల మీది ముదురు కణాలనే దెబ్బతీస్తుంది. అడుగున విత్తనం చెడదు. ఒంట్లో నీరు తగ్గకుండా ఓఆర్ఎస్‌తో కాపాడితే మిగతా పని గుంతలే చూసుకుంటాయి.

ఆ విత్తనం ఏ కణమన్న వాదం దశాబ్దాలు నడిచింది. గుంత అట్టడుగున పానెత్ అనే రకం కణాల మధ్య ఇరుక్కుని ఉండే సన్నని కణాలే మొత్తం పొరకు మూలమని 1974లో చెంగ్, లెబ్లాండ్ ప్రతిపాదించారు. బ్రిటన్‌లో క్రిస్ పాటెన్ బృందం అడుగు నుంచి నాలుగో స్థానంలోని కణాల వైపు మొగ్గింది. మూలకణాన్ని వేరుచేసి చూపే ఆనవాలు ఎవరి దగ్గరా లేకపోవడంతో వాదం తెగలేదు.

ఆనవాలు నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ నగరంలో, హ్యూబ్రెక్ట్ సంస్థలో హాన్స్ క్లెవర్స్ ప్రయోగశాలలో దొరికింది. ఆ బృందం పేగు మూలకణాల దగ్గరికి చేరింది వింట్ అనే కణసంకేతాల వ్యవస్థను వెంబడించి. పెద్దపేగు క్యాన్సర్లలో అదుపు తప్పేది ఈ వ్యవస్థే. ఇందులో భాగమైన టీసీఎఫ్4 జన్యువు లేని చిట్టెలుక పిల్లల చిన్నపేగులో మూలకణాలు నిలవలేదనీ, పిల్లలు పుట్టిన కొద్దికాలానికే చనిపోయాయనీ 1998లో తేలింది. వింట్ అదుపులో ఉండే జన్యువులను జల్లెడపట్టగా, వాటిలో ఎల్‌జీఆర్5 గుంత అడుగునున్న సన్నకణాల్లో మాత్రమే పనిచేస్తూ కనబడింది. 2007లో నిక్ బార్కర్ తదితరులు ఆ కణాలకు చెరగని గుర్తు పెట్టారు. ఆ గుర్తు కణం సంతానానికంతటికీ సంక్రమిస్తుంది. కొద్దిరోజుల్లోనే గుంత అడుగు నుంచి చూషకం కొస దాకా నీలిచార సాగింది. నెలల తరబడి అలాగే నిలిచింది. మూలకణాలంటే ఎక్కువకాలం నిద్రాణంగా ఉండేవన్న నమ్మకం కూడా ఇక్కడ చెల్లలేదు. ఇవి దాదాపు రోజుకొకసారి విభజన చెందుతాయి.

పిల్లల వైద్యానికి ఎక్కువగా అక్కరకొచ్చింది ఆ తర్వాతి అడుగు. జపాన్ నుంచి వచ్చి క్లెవర్స్ దగ్గర పనిచేసిన తోషిరో సాటో, ఒక్క ఎల్‌జీఆర్5 కణం నుంచి గుంతలూ చూషకభాగాలూ ఉన్న బుల్లి పేగును పళ్ళెంలో పెంచినట్టు 2009లో ప్రకటించారు. దాని పేరు ఆర్గనాయిడ్. పద్ధతి వినడానికి తేలిక. కణాలను మాట్రిజెల్‌లో కూర్చాలి. చిట్టెలుక కణితి నుంచి తీసే ఈ జిగురు చల్లగా ఉంటే ద్రవంలా పారుతుంది, ఒంటి వేడి తగిలితే గడ్డకడుతుంది. పైన పోసే పోషకద్రవంలో మూడు ప్రొటీన్లు కీలకం: విభజనకు ఊతమిచ్చే ఈజీఎఫ్, కణాలు తొందరపడి ముదరకుండా ఆపే నాగిన్, వింట్ సంకేతాన్ని పెంచే ఆర్-స్పాండిన్. మనిషి పేగుకు ఇవి చాలలేదు. వింట్ ప్రొటీన్‌నూ, మరికొన్ని రసాయనాలనూ చేర్చిన పాకం 2011లో కుదిరింది. ఆర్గనాయిడ్‌లను ముక్కలు చేసి మళ్ళీ నాటవచ్చు, గడ్డకట్టించి దాచుకోనూవచ్చు.

ఇందుకు బిడ్డ నుంచి కావలసింది గింజంత బయాప్సీ ముక్క. సిస్టిక్ ఫైబ్రోసిస్‌లో దీని విలువ స్పష్టంగా కనబడింది. ఈ జన్యువ్యాధితో పుట్టే పిల్లల్లో సుమారు 15 నుంచి 20 శాతం మందికి తొలి మలం పేగులోనే బిగుసుకుపోయి అడ్డుపడుతుంది. కారణం, కణాల్లోంచి క్లోరైడ్‌నూ దాని వెంట నీటినీ బయటికి పంపే సీఎఫ్‌టీఆర్ అనే ద్వారం పాడవడం. ఫోర్స్‌కోలిన్ అనే రసాయనం వేస్తే మామూలు ఆర్గనాయిడ్ నీరు నిండి ఉబ్బుతుంది. రోగి ఆర్గనాయిడ్ ఉబ్బదు, లేదా కొద్దిగానే ఉబ్బుతుంది. మందు కలిపాక ఉబ్బితే, ఆ మందు ఆ బిడ్డకు పనిచేసే అవకాశం ఉన్నట్టే. 2013లో ఉట్రెక్ట్ పరిశోధకులు ఈ పరీక్షను వివరించారు. నెదర్లాండ్స్‌లో అరుదైన ఉత్పరివర్తనాలున్న కొందరికి ఈ ఫలితం ఆధారంగానే మందు ఇచ్చారు. అలాంటివారు గుప్పెడుమందే కాబట్టి పెద్ద ఎత్తున మందుల పరీక్షలు జరపడం వీలుకాదు.

పుట్టిన కొద్దిరోజులకే ఆగని విరేచనాలు మొదలై, నరం ద్వారా ఎక్కించే పోషకాలే ఆధారమయ్యే మైక్రోవిల్లస్ ఇన్‌క్లూజన్ వ్యాధి మరొకటి. చాలామందిలో దీనికి కారణం ఎంవైఓ5బీ జన్యువులోని దోషమని 2008లో తెలిసింది. 2014లో రోగుల డీఎన్ఏను చదివినప్పుడు మరో జన్యువు, ఎస్‌టీఎక్స్3, బయటపడింది; రోగుల ఆర్గనాయిడ్‌లు ఆ సంగతిని బలపరిచాయి.

పద్ధతికి హద్దు ఉంది. బయాప్సీ నుంచి పెరిగేది పొర ఒక్కటే. అందులో నరాలూ కండరాలూ రక్తనాళాలూ ఉండవు. హిర్ష్‌స్ప్రంగ్ వ్యాధిలో సుమారు 5,000 మంది శిశువుల్లో ఒకరు పెద్దపేగు చివరిభాగంలో నాడీకణాలు లేకుండా పుడతారు. అక్కడ ఉత్త పొర చెప్పేది తక్కువ. అమెరికాలోని సిన్సినాటి పిల్లల ఆసుపత్రిలో జేమ్స్ వెల్స్, పిల్లల శస్త్రవైద్యుడు మైఖేల్ హెల్మ్‌రాత్ బృందాలు వేరే దారి పట్టాయి. ఏ కణంగానైనా మారగల బహుశక్త కణాల నుంచి పేగును రూపొందించి, నాడీకణాలకు మూలమైన కణాలను దానికి జోడించి, అది సంకోచించేలా చేశాయి.

పేగు మెలిపడటం వల్లో, నెలలు నిండని శిశువుల పేగు కుళ్ళడం వల్లో చిన్నపేగులో అధికభాగం తీసేయాల్సివచ్చిన పిల్లలకు కావలసింది కొత్త పేగు. 2021లో టోక్యోలోని కీయో విశ్వవిద్యాలయంలో సాటో బృందం ఎలుకల పెద్దపేగు ముక్కలోని లోపలి పొరను తొలగించి, అక్కడ చిన్నపేగు ఆర్గనాయిడ్‌లను నాటింది. చూషకాలు లేచాయి, కొవ్వును మోసుకెళ్ళే శోషరస నాళాలూ అల్లుకున్నాయి. కండరం, నరం పెద్దపేగువే. చిన్నపేగు కోల్పోయిన ఎలుకలు ఈ ముక్క అమర్చాక మెరుగ్గా బతికాయి.